వియ్యంకుడి చేతి ముద్ద

భావనగర్
12 నవంబరు 1983

ఛబీల్‌కు,

జై శ్రీకృష్ణ. నువ్వు దీపావళికి పంపిన శనగపిండి మిఠాయి మోహన్‌థాల్ అందింది. బాగుందని మీ కంకు వదిన చెప్పింది, మృదుల చెప్పింది. నేను తినలేదు. ఎందుకు తినలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆస్పత్రిలో డాక్టరు నాకు చక్కెర జబ్బు ఉందన్నాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఎనిమిది చుక్కలు నా మూత్రం వేసి కాచి చూపించాడు. నీలంగానే ఉంటే జబ్బు లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం. పసుపు అయితే ఎక్కువ. ఇటుక రంగుకు తిరిగితే ఇక దాని పైన ఏమీ లేదు. నాది ఇటుక రంగు.

మాత్రలు రాశాడు. "మాత్ర సగం పని చేస్తుంది. మిగతా సగం నీ కంచం చెయ్యాలి" అన్నాడు. చక్కెర, బెల్లం, నూనెలో వేగినవి మానెయ్యాలట. అన్నం తగ్గించి సజ్జ రొట్టె, పెసలు, మెంతికూర, సొరకాయ, మజ్జిగ తినాలట.

ఇంటికి వచ్చి, పప్పులో బెల్లం వెయ్యొద్దని కంకుతో చెప్పాను.

"బెల్లం లేని పప్పు చావింట్లో వండుతారు. ఈ ఇంట్లో ఎవరు పోయారని? నేను వండను" అంది.

"అయితే నేనే వండుకుంటాను."

"వండుకో. అగ్గిపెట్టె ఎక్కడుంటుందో తెలుసా?"

తెలియదు. మృదుల చూపించింది. యాభై నాలుగేళ్లకు మొదటిసారి పొయ్యి ముట్టించాను. మొదటి రోజు పెసలు అడుగంటాయి. రెండో రోజు ఉప్పు మరిచిపోయాను. మూడో రోజు తినగలిగాను. త్రాసులు బాగుచేసిన రోజువారీ లెక్కల పుస్తకంలోనే, ఒక పక్క, ఏం వండానో, ఉదయం గొట్టంలో ఏ రంగు వచ్చిందో రాస్తున్నాను.

ఇక అసలు మాట. అక్షయ తృతీయకు నీ కిరీట్‌కు, నా మృదులకు పెళ్లి. పందిట్లో బంతి కూర్చోగానే పెళ్లికొడుకు తండ్రి ఇంటి నుంచి తెచ్చిన మిఠాయి పెళ్లికూతురి తండ్రి నోట్లో పెట్టాలి. అది అయ్యేదాకా ఎవరూ విస్తరి ముట్టరు. నీ తరవాత నీ తమ్ముళ్లు, బావమరుదులు, మేనమామలు వరసగా వస్తారు. ఒకరి చేతి ముద్ద తిని ఇంకొకరి చేతి ముద్ద కాదంటే ఆ రెండో మనిషికి అవమానం. శ్రావణంలో నిశ్చితార్థం నాడు పదిహేడు ముక్కలు తిన్నాను.

అందుకని మొదటి ముద్దే వద్దంటున్నాను. నాకు పెట్టొద్దు. ఆరు నెలల ముందే చెప్తున్నాను.

ప్రాగ్జీ

•

వాంకానేర్
25 నవంబరు 1983

ఒరేయ్ ప్రాగ్జీ,

జై శ్రీకృష్ణ. నీ ఉత్తరం కొట్లో అందరికీ చదివి వినిపించాను. మూత్రం సంగతి మాత్రం దాటవేశాను, ఎదురుగా జిలేబీలు పేర్చి ఉన్నాయి. మా వంట మహరాజ్ కళ్లు తుడుచుకుని నవ్వాడు. "ప్రాగ్జీ భాయ్ పెసలు ఉడకబెట్టారా! తక్కెడలో తూచి వేసుంటారు, అందుకే అడుగంటాయి" అన్నాడు. నిజం చెప్పు, తూచావు కదూ?

నలభై అయిదేళ్లకు పైగా నిన్ను చూస్తున్నాను. ఇద్దరం గోండల్ బడిలో ఒకే పలక మీద రాసుకున్నాం. నువ్వు ఆరో తరగతిలో బడి మానేసి, పాత ఇనప సామాను కొట్లో కూర్చుని, ఎవరూ నేర్పకుండా త్రాసు ముల్లు సరిచెయ్యడం నేర్చుకున్నావు. అప్పుడు మెచ్చుకున్నాను. ఇప్పుడు ఎవరూ నేర్పకుండా వంట నేర్చుకుంటానంటే మాత్రం కంకు వదిన మీద జాలేస్తోంది.

డాక్టర్లు అందరికీ ఇదే చెప్తారు. మా వీధిలో ఒకాయన అరవయ్యేళ్లు రోజూ పొద్దున నూనెలో వేగిన గాంఠియా, జిలేబీ తిన్నాడు, ఎనభై రెండేళ్లు బతికాడు. చేదు తిని బతికేవాడికి బతుకంతా చేదే. సజ్జ రొట్టె తిన్న వియ్యంకుడిని చూసి పెళ్లి గుర్రం కూడా నవ్వుతుంది.

ముద్ద సంగతి ఇక ఎత్తకు. నేను ఎవర్ని? ఛబీల్‌దాస్ మిఠాయివాణ్ణి. ఊరు ఊరంతా పెళ్లిళ్లకు నా మోహన్‌థాల్ పట్టుకెళ్తుంది. నా కొడుకు పెళ్లిలో, నా చేతి మోహన్‌థాల్, నా వియ్యంకుడే తినకపోతే నేను కొట్టుకు తాళం వేసుకోవాలి. ఒక్క ముద్ద. తరవాత వచ్చేవాళ్లను నేను ఆపుతాను, ఒట్టు.

నీ
ఛబీల్

•

భావనగర్
3 జనవరి 1984

ఛబీల్‌కు,

జై శ్రీకృష్ణ. తూచాను. నగల త్రాసులో తూచాను. అడుగంటింది తూకం తప్పి కాదు, నీళ్లు తక్కువై.

తరవాతివాళ్లను ఆపుతానన్నావు. నిశ్చితార్థం నాడు కూడా అన్నావు. మూడో ముక్కకు నువ్వే నా తల పట్టుకున్నావు.

సజ్జ రొట్టె నేర్చుకోవడానికి నెల పట్టింది. నెలకు సరిపడా సజ్జలు ఒకేసారి మరాడించాను. తక్కెడ పట్టేవాడి బుద్ధి, అన్నీ ఒకేసారి లెక్క తేల్చుకోవాలని. పన్నెండో రోజుకు పిండి చేదెక్కింది. పిండి పాడైందని తెలియక ఆరు రోజులు ఆ రొట్టెలే తిన్నాను. ఆరోగ్యం అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఏడో రోజు కంకు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

"దీన్ని పశువుకు పెట్టినా తన్నుతుంది. సజ్జ పిండి వారానికి మించి నిలవుండదని మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు."

"చెప్పొచ్చు కదా."

"అడిగావా?"

అడగలేదు. ఇప్పుడు నాలుగు రోజులకొకసారి మరాడిస్తున్నాను. ఒక రొట్టెకు సరిపడా పిండే వేడి నీళ్లతో కలిపి, అరచేతి కింది భాగంతో బాగా మెదిపి, రెండు అరచేతుల మధ్య తట్టి మట్టి పెనం మీద వెయ్యాలి. అంచులు విచ్చకపోతే పిండి బాగా మెదిగినట్టు. నావి ఇంకా విచ్చుతున్నాయి.

పప్పులో బెల్లం లేని లోటు చింతపండు తగ్గిస్తే సగం తీరుతుందని కనిపెట్టాను. పులుపు ఉంటేనే తీపి అడుగుతుంది. అల్లం, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేస్తే మిగతా సగం తీరుతుంది. కూరకు ఒక చెంచా నూనె, అంతే. మెంతికూర, పాలకూర ఈ చలికాలంలో బజారు నిండా ఉన్నాయి. ఇన్నేళ్లూ వాటి పక్క నుంచే కొట్టుకు నడిచి వెళ్లాను.

గొట్టంలో రంగు ఇటుక నుంచి పసుపుకు వచ్చింది. పదకొండు రోజులుగా పసుపు. పొద్దున వసారాలో చిన్న స్టవ్ మీద కాస్తుంటే పక్కింటివాళ్లు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. పిలుచుకోనీ.

నేను మనసు మార్చుకోలేదు.

ప్రాగ్జీ

•

వాంకానేర్
10 జనవరి 1984

ప్రాగ్జీ,

జై శ్రీకృష్ణ. ఈసారి కొట్లో చదవలేదు.

నిన్న మా పెద్దక్క వచ్చింది. "భావనగర్‌లో పెళ్లికూతురి తండ్రి తన వంట తనే చేసుకుంటున్నాడట, భార్యాభర్తలకు పడటం లేదా?" అంది. ఆమె మాట ఆగకముందే మా చిన్న వదిన, "ఆ పిల్ల కూడా మన కిరీట్‌కు గడ్డీ గాదం వండిపెడుతుందేమో" అంది. కిరీట్ అక్కడే ఉన్నాడు. "పెడితే తింటాను" అన్నాడు. నోరు మూసుకోమన్నాను.

నువ్వు కబుర్లు చెప్పని మనిషివి. నీ కబుర్లు మాత్రం నీకన్నా ముందు వాంకానేర్ చేరుతున్నాయి. నీ ఇంట్లో నువ్వేమైనా తిను. గొట్టాలు కాచుకో, రంగులు రాసుకో. పందిట్లో మాత్రం నా పరువు నీ నోట్లో ఉంది.

నీకు నచ్చచెప్పడానికి ఒక పని చేశాను. నీ కోసం విడిగా, మా మహరాజ్‌ను కూడా పక్కన పెట్టి, నేనే దూద్ పేడా చేశాను. చక్కెర మూడో వంతు తగ్గించాను. మిఠాయి కొట్లో కూర్చున్నాక ఇలా ఎవరికీ చెయ్యలేదు. ఒక డబ్బా పంపుతున్నాను. రోజుకొకటి తిను. ఒంటికి అలవాటవుతుంది. పెళ్లినాటికి ముద్ద పెద్ద విషయం కాదు.

ఛబీల్

•

భావనగర్
2 ఫిబ్రవరి 1984

ఛబీల్‌కు,

జై శ్రీకృష్ణ. నీ డబ్బా జనవరి 22న అందింది. అప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నాను. నవంబరులోనే రాయాల్సిన మాట ఒకటి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నిశ్చితార్థానికి కొత్త చెప్పులు వేసుకున్నాను. ఎడమ కాలి రెండో వేలు ఒరుసుకుపోయింది. నొప్పి తెలియలేదు. చక్కెర జబ్బులో పాదానికి నొప్పి తెలియదట. పుండు రెండు నెలలైనా మానలేదు. డాక్టరు దగ్గరకు వెళ్లింది ఆ పుండు కోసమే. రంగు పసుపుకు వచ్చింది కాబట్టి పాదం మిగిలింది, రాకపోతే మడమ దాకా పోయేదన్నాడు. జనవరి 19న వేలు తీసేశారు.

ఇది పెళ్లివారికి తెలిస్తే పిల్లకు అడ్డమవుతుందని రాయలేదు. తెలియకపోవడమే ఎక్కువ అడ్డమవుతోందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆపరేషన్ మర్నాడు కంకు భోజనం తెచ్చింది. రొట్టె, పప్పు. పప్పు నోట్లో పెట్టుకుంటే బెల్లం లేదు.

"చావింటి పప్పు అన్నావు కదా" అన్నాను.

"చావింట్లో ఆడది వండుతుంది కానీ, ఆమె మొగుడు తినడానికి ఉండడు. నువ్వున్నావు. మాట్లాడకుండా తిను" అంది.

కాసేపటికి మళ్లీ తనే, "నీ రొట్టెలు ఇంకా విచ్చుతున్నాయి. ఇంటికొచ్చాక చేతులు ఎలా పెట్టాలో చూపిస్తాను. నీళ్లు ఎక్కువ వేడి చేస్తున్నావు" అంది. ఇంటికి వచ్చాక చూపించింది. ఇప్పుడు ఒక పూట తను, ఒక పూట నేను వండుతున్నాం. పప్పులో ఎవరికీ బెల్లం లేదు.

నీ పేడా నువ్వే చేశావని రాశావు. అది నాకు బరువుగా ఉంది. కానీ ఇంట్లో ఎవరూ ముట్టలేదు. పొరుగువాళ్లకు పంచితే నేను ఒప్పుకుని తీసుకున్నట్టు. అందుకని మీ ఊరి బస్సు కండక్టరుకు ఇచ్చి డబ్బా వాపసు పంపాను. అందే ఉంటుంది.

ప్రాగ్జీ

•

వాంకానేర్
14 ఫిబ్రవరి 1984

గౌరవనీయులైన వియ్యంకులు ప్రాగ్జీ భాయ్ గారికి,

జై శ్రీకృష్ణ. మీ కాలి సంగతి తెలిసి చాలా బాధపడ్డాము. త్వరగా నయం కావాలని కోరుకుంటున్నాము.

మీరు పంపిన డబ్బా అందింది. ఆదివారం పొద్దున, కొట్టు ముందు ముప్పై మంది నిలబడి ఉండగా, బస్సు కండక్టరు వాళ్ల తలల మీదుగా డబ్బా ఎత్తి, "ఛబీల్ శేఠ్, మీ పేడా వాపసు! భావనగర్ నుంచి!" అని అరిచాడు.

మిఠాయి కొట్టుకు డబ్బా వాపసు రావడమంటే ఏమిటో త్రాసులు బాగుచేసేవారికి తెలియకపోవచ్చు. పాడైన సరుకే వాపసు వస్తుంది. ముప్పై మందిలో పంతొమ్మిది మంది ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. ఒకావిడ పేడా పొట్లం విప్పి వాసన చూసి వెళ్లింది. మా నాన్నగారి కాలం నుంచి ఆ గల్లా మీదుగా ఒక్క డబ్బా వెనక్కి రాలేదు.

మా ఇంట్లో పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. వియ్యంకుడి చేతి ముద్ద కాదన్న ఇంటితో సంబంధం ఎలా అని మా చిన్నాన్న వీర్‌జీ కాకా అడుగుతున్నారు. పందిట్లో ముద్ద తీసుకుంటారో లేదో మీరు ముందుగా మాట ఇవ్వాలి. ఇవ్వకపోతే ముహూర్తం గురించి మళ్లీ ఆలోచించాల్సి ఉంటుంది.

ఇట్లు
ఛబీల్‌దాస్

•

భావనగర్
1 మార్చి 1984

ఛబీల్‌కు,

జై శ్రీకృష్ణ. డబ్బా వాపసు పంపడం నా తప్పు. మిఠాయి కొట్టు తీరు నాకు తెలియదు. తెలిస్తే పంపేవాణ్ణి కాదు. నీ కొట్టు ముందు నిలబడి, డబ్బాలో సరుకు పాడవలేదని, తినలేనిది నేనేనని చెప్పమంటే వచ్చి చెప్తాను. కుంటుకుంటూ వస్తాను. దానికి క్షమాపణ అడుగుతున్నాను.

ముద్దకు అడగను.

నీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివాను. చదవకుండా నిర్ణయం చేస్తే పిల్లకు అన్యాయం. మృదుల కొత్తిమీర కోస్తోంది. కోస్తూనే వింది.

"పెళ్లి ఆగిపోవచ్చమ్మా" అన్నాను.

"నువ్వు తింటే ఆగదా?"

"ఆగదు."

"అయితే నా పెళ్లికి నీ కాలు కట్నమా బాపూ? వాళ్లు ఒక్క రూపాయి అడగలేదని ఊరంతా చెప్పుకున్నాం. ఇప్పుడు వేళ్లు అడుగుతున్నారు."

"ఛబీల్ అలాంటివాడు కాదు" అన్నాను. నిజంగానే అన్నాను.

"అలాంటివాడు కాకపోతే పెళ్లి ఆగదు" అంది. మళ్లీ కొత్తిమీర కోసుకుంది. రాత్రి అన్నం తినలేదు. కిరీట్ అంటే దానికి ఇష్టమని నాకు తెలుసు. ఆ సంగతి కూడా రాస్తున్నాను, నువ్వు తెలిసి నిర్ణయించాలి కాబట్టి.

నేను కూడా అన్నీ తెలిసే నిర్ణయించాను. నాది జబ్బు మనిషి బెంగ కాదు. ఒక్క ముద్దకు చావనని నాకు తెలుసు. కానీ నిశ్చితార్థం నాటి పదిహేడు ముక్కలూ ఒక్కొక్కటి ఒక్క ముద్దే. మన కులంలో ప్రేమంటే ఎదుటివాడి నోట్లో కుక్కడమే అయింది. వద్దన్నకొద్దీ ప్రేమ ఎక్కువ. నా తండ్రి కూడా కాలు కుళ్లి పోయాడు. ఆయనకు పెట్టి పెట్టి పైకి పంపారు. అప్పుడు దాని పేరు ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. తెలిసి నోరు తెరవను.

పందిట్లో నా డబ్బాలో నా రొట్టె, నా పెసలు తెచ్చుకుని నీ ఎదురుగా కూర్చుంటాను. నీ చేత్తో ముద్ద పెట్టాలని ఉంటే అది పెట్టు. తింటాను. మోహన్‌థాల్ పెడితే తినను. ఇది మాట అడిగావు కాబట్టి ఇస్తున్న మాట.

రంగు ఆకుపచ్చకు వచ్చింది.

ప్రాగ్జీ

•

వాంకానేర్
9 ఏప్రిల్ 1984

ప్రాగ్జీ భాయ్,

ముహూర్తం మారదు. పిల్లల ముఖం చూసి పెద్దల్ని ఒప్పించాను. ఆనవాయితీ కూడా మారదు. మోహన్‌థాల్ నా చేతిలో ఉంటుంది. పందిట్లో కలుద్దాం.

ఛబీల్‌దాస్

•

వాంకానేర్
22 మే 1984

ప్రాగ్జీ,

మృదుల బాగుంది. మీ సమజు వదినతో కలిసి వంటింట్లో నవ్వుతోంది. ఎవర్ని చూసి నవ్వుతున్నారో నేను అడగలేదు.

పెళ్లయి పద్దెనిమిది రోజులైంది. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. నాకు రాయడం కష్టమైందంటే నువ్వు నమ్మవు.

ఆ రోజు బంతి కూర్చుంది. రెండు వందల విస్తళ్లు. నేను మోహన్‌థాల్ పళ్లెం పట్టుకుని నీ ముందుకు వచ్చాను. నువ్వు రాగి డబ్బా మూత తీసి విస్తట్లో సజ్జ రొట్టె, పెసలు పెట్టుకుని కూర్చున్నావు. బంతంతా మెడలు చాచి చూస్తోంది. నేను ముక్క తీసి చెయ్యెత్తాను.

"నోరు తెరువు ప్రాగ్జీ."

"తెరవను."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

అంత మెల్లగా చెప్పావు, కోపం కూడా లేదు. కోపం ఉంటే నేను కూడా అరిచేవాణ్ణి. వెనక నుంచి వీర్‌జీ కాకా, "ఏం ఛబీల్, మగపెళ్లివారిని లేపమంటావా?" అన్నాడు. నా చెయ్యి గాల్లోనే ఉంది. నెయ్యి కరిగి మణికట్టు మీదుగా చొక్కాలోకి కారుతోంది. ఇంకో క్షణమైతే ఆ ముక్క విసిరికొట్టి లేపేసేవాణ్ణి. నిజం చెప్తున్నాను. కొడుకు పెళ్లి అని కూడా గుర్తు లేదు. వాపసు వచ్చిన డబ్బా ఒక్కటే కళ్ల ముందు ఉంది.

అప్పుడు నువ్వు నా మెడ పట్టి కిందికి వంచి చెవిలో ఆ మాట అన్నావు.

"నీకిచ్చిన గది వెనక, నువ్వు పొద్దున ఒంటికి కూర్చున్న చోట చీమలు బారులు తీరాయి. నేనే నీళ్లు పోసి కడిగాను. ఎవరూ చూడలేదు. నువ్వు కూడా ఇది తినకు."

ఏం చెప్పావని అందరూ అడుగుతున్నారు. మా అక్క అడిగింది, వీర్‌జీ కాకా అడిగాడు, సమజు ఇప్పటికీ అడుగుతోంది. "నాకూ వాడికీ మధ్య మాట" అంటున్నాను.

రొట్టె తుంచి, పెసల్లో ముంచి నీ నోట్లో పెట్టాను. కాకా వైపు తిరిగి, "నా వియ్యంకుడు తన చేత్తో వండింది, నా చేత్తో పెట్టాను. లోటేముందో చెప్పండి, లేదా భోంచెయ్యండి" అన్నాను. ఆయన ఆకలి మీదున్నాడు. భోంచేశాడు.

ఇప్పుడు నా సంగతి. ఆ జబ్బు నాకూ వచ్చి నాలుగేళ్లయింది. రాజ్‌కోట్ వెళ్లి చూపించుకున్నాను, ఇక్కడ ఎవరికీ తెలియకుండా. గొట్టంలో నాది కూడా ఇటుకే. మాత్రలు గల్లా పెట్టెలో, చిల్లర కింద దాస్తాను. సమజుకు కూడా చెప్పలేదు. మిఠాయివాడికి చక్కెర జబ్బని తెలిస్తే వాడి దగ్గర మిఠాయి ఎవడు కొంటాడు? అందుకని అందరి ముందూ అందరికన్నా ఎక్కువ తిన్నాను. నువ్వు సజ్జ రొట్టె అన్నప్పుడల్లా నేను ఎందుకంత నవ్వానో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. నువ్వు చెయ్యగలిగితే నేను చెయ్యలేకపోవడానికి సాకు ఉండదు. ఆ భయం.

ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నేను ఒప్పుకోకపోతే ఆ మాట బంతిలో గట్టిగా చెప్పేవాడివా?

ఛబీల్

•

భావనగర్
1 జూన్ 1984

ఛబీల్‌కు,

జై శ్రీకృష్ణ. చెప్పేవాణ్ణి కాదు. నువ్వు ఒప్పుకోకపోయినా ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. నోరు మాత్రం తెరిచేవాణ్ణి కాదు.

సమజు వదినకు ఈ రోజే చెప్పు. నేను దాచి ఒక వేలు పోగొట్టుకున్నాను. పాదాలు రోజూ అద్దంలో అడుగు వైపు కూడా చూసుకో. మీ ఊరి డాక్టరు దగ్గరకే వెళ్లు, రాజ్‌కోట్ దాకా వద్దు.

వంట ఉత్తరంలో నేర్పడం కష్టం. మృదులకు అన్నీ వచ్చు. దాన్ని వండిపెట్టమనకు. పక్కన నిలబెట్టుకుని నువ్వు వండు. వండినవాడికే తన కంచంలో ఏముందో తెలుస్తుంది. మొదటి వారం తినలేవు. అయినా తిను.

ప్రాగ్జీ

•

వాంకానేర్
17 జూలై 1984

ఒరేయ్ ప్రాగ్జీ,

జై శ్రీకృష్ణ. మొదటి వారం నిజంగానే తినలేకపోయాను. ముప్పై ఏళ్లు వేల మణుగుల మైదా పిసికిన చేతులు, సొరకాయ కూర దగ్గర ఓడిపోయాయి. నీ కూతురు రాక్షసి. "మామయ్యా, ఇది కూర కాదు, పాకం. ఎవరు ఇంతసేపు కలిపారు దీన్ని?" అంటుంది. కలపడం నాకు అలవాటు, ఏం చెయ్యను? నూనె డబ్బా దాచేసి చెంచాతో కొలిచి ఇస్తోంది. తూచే రక్తం!

సమజుకు చెప్పాను. మూడో రోజు గల్లా పెట్టె బోర్లించి మాత్రలన్నీ ఏరి తీసుకుపోయింది. ఇప్పుడు రెండు పూటలా తనే లెక్కపెట్టి ఇస్తుంది. నీళ్లు కూడా తనే పడుతుంది, మింగానో లేదో నాలుక చూపించమంటుంది.

నీ ఉత్తరంలో లేని పని ఒకటి చేశాను. ఇంట్లో వండుకుని తింటే మళ్లీ దాచినట్టే అనిపించింది. అందుకని కొట్టు ముందే, జిలేబీ మూకుడు పక్కనే చిన్న స్టవ్ పెట్టించాను. మధ్యాహ్నం పన్నెండింటికి అందరి ముందు సజ్జ రొట్టె తట్టుకుంటాను. మెంతికూర, పెసలు, మజ్జిగ. గల్లా దగ్గరే కూర్చుని తింటాను. మా మహరాజ్ సిగ్గుతో మొహం గోడ వైపు తిప్పుకుని వేయిస్తున్నాడు.

మొదటి రోజు నలభై మంది పోగయ్యారు. కచేరీ గుమాస్తా ఒకాయన, రోజూ పావు కిలో కొనేవాడు, మొదట నోరు విప్పాడు.

"ఏం శేఠ్, మీ మిఠాయి మీరే తినరా?"

"తినను."

"ఎందుకని?"

"చక్కెర జబ్బు. నాలుగేళ్లుగా."

నలభై మంది ముందు చెప్పాను ప్రాగ్జీ.

"అయితే మేమెందుకు తినాలి?" అన్నాడు.

"మీకు జబ్బు లేకపోతే తినండి. ఉంటే తినొద్దు. ఉందో లేదో తెలియకపోతే ఎదురు వీధిలో డాక్టరున్నాడు, చూపించుకుని రండి, అప్పుడు అమ్ముతాను. నా సరుకులో లోటు లేదు. కట్టమంటారా?"

కాసేపు గడ్డం గోక్కుని అరకిలో కట్టించుకున్నాడు. మర్నాడు రాలేదు. వారం రోజులకు వచ్చాడు, మిఠాయి అడగలేదు. గల్లా దగ్గర నిలబడి నా కంచం వైపు చూశాడు.

"శేఠ్, ఆ రొట్టె, పెసలు ఒక గిన్నెడు కట్టండి. ఎంత?"

"ఇది అమ్మకానికి కాదు. నా భోజనం" అన్నాను.

"మరి నేనేం తినను?"

"వండుకోవడం వచ్చా?"

"రాదు."

పక్కకు జరిగి చోటు చేశాను. "చెయ్యి కడుక్కుని రా" అన్నాను.

నీ
ఛబీల్